కెంపుల గదిలో కాకిబంగారం

కిందటి ప్రకరణం చివర పింగళ దేశపు యువరాజు ఉపలసేనుణ్ణి నడి ఏట్లో మొసలి వీపు మీద వదిలేసి మనందరం భోజనాలకి లేచాం. తప్పే. అయినా ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ మొసలి కూడా అప్పుడే భోంచేసి ఉండడం వల్ల యువరాజును మింగే ఓపిక లేక, నల్లేటి ఒడ్డున దింపేసి, ఇసుకలో బోర్లా పడుకుని నిద్రపోయింది. వెనకే దాది గవరమ్మ చిన్న పడవ నడుపుకుంటూ వచ్చి చేరింది. పడవలో కుదురుగా కూచుంటే పడవు బాబూ అని ఆవిడ ముందే చెప్పింది. ఏటి అడుగున మెరిసిన ఎర్ర గులకరాయి కోసం వంగి, పడ్డాడు. రాయి మాత్రం చేజిక్కింది.

ఒడ్డెక్కగానే ఉపలసేనుడు చేసిన మొదటి పని కత్తి దూయడం కాదు. భుజాన వేలాడుతున్న తోలుసంచి విప్పి, అందులోని రాళ్ళన్నీ ఒక్కొక్కటే మంచినీళ్ళతో కడిగి, ఇసుక మీద వరసలు కట్టి ఎండబెట్టాడు. రాళ్ళు తడిస్తే చాలు, ఎక్కడున్నా, ఏ గండంలో ఉన్నా, అతని చేతులు వాటంతట అవే ఆ పని చేసేవి.

"లోకంలో అందరూ వడియాలు ఎండబెట్టుకుంటారు," అంది గవరమ్మ చీర కొంగు పిండుకుంటూ. "నా తల్లి అక్కడ రాయైపోయి కూకుంటే, ఈ బాబు ఇక్కడ రాళ్ళు ఎండబెట్టుకుంటున్నాడు."

ఈ రాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఉపలసేనుడికి అక్షరాభ్యాసం చేయించిన గురువుగారు పలక చేతికిచ్చి "రాయి నాయనా" అన్నారట. పిల్లవాడు పెరట్లోకి పరిగెత్తి ఒక రాయి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆయన విసుక్కుని మళ్ళీ రాయి అన్నారు. ఇంకోటి తెచ్చాడు. సాయంత్రానికి గురువుగారు లేవలేకపోయారు. ఆ విధంగా రాజ్యంలో ఒక పండితుడు తగ్గి ఒక రాళ్ళవాడు పెరిగాడు. తక్కిన రాజకుమారులు వేటకి వెళ్ళి లేళ్ళు తెస్తే, ఇతను వెళ్ళి రాళ్ళు తెచ్చేవాడు. వాటిలో కోశాగారంలో పెట్టదగ్గది ఒక్కటీ లేదు. మచ్చపడిన పచ్చ, పొగచూరిన స్ఫటికం, చీమ చిక్కుకుపోయిన తేనెరంగు రాయి, అద్దంలా మెరిసే, విసనకర్రంత వెడల్పున్న కాకిబంగారపు రేకు, ఇలాంటివే. కొలువులోని వజ్రాల వర్తకులు ఆ సంచి చూసి ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అతనికి పట్టేది కాదు. ఒక రాయిని వంగి తీసి, తడిచేసి, ఎండకెత్తి పట్టుకుంటే లోపల ఎవరూ అడుగుపెట్టని చిన్న ఊరొకటి కనబడుతుంది. మచ్చ ఉంటే ఆ ఊరికి ఒక కొండ, గీత ఉంటే ఒక ఏరు. తండ్రి ఇవ్వబోయే రాజ్యం కన్నా ఆ ఊళ్ళే అతనికి ముద్దు.

అంతకన్నా ముద్దు చెల్లెలు అరుణమాల. ఆ చెల్లెల్నే గండశిలుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి కెంపుగా మార్చేశాడు. వాడి వేలికి పిల్లికన్ను రాయి ఉంగరం ఉంది. అందులోని రాయి ఎవరికి తగిలినా, మంత్రం చదివినా చదవకపోయినా, వాళ్ళు రాయైపోతారు. సూర్యకిరణం సోకితే మళ్ళీ మనుషులవుతారు. కానీ ఈలోగా సాన పట్టాడా, ఇక ఎన్ని సూర్యుళ్ళు పొడిచినా లాభం లేదు. ఇదంతా దారిలో ఒక యోగిని చెప్పింది. అరుణమాలను ఇవాళ పొద్దు గుంకేలోగా సానకి ఎక్కిస్తాడని కూడా చెప్పి, చెప్పవలసింది ఇంకేమీ లేక మాయమైంది.

ఏటికి అవతలి గట్టున ఉంది గండశిలుడి కొండ. ఏమని వర్ణించను? నీలాల నేల మీద పచ్చల పచ్చిక, పచ్చిక మీద పుష్యరాగాల పూలు, పూల మీద ముత్యాల మంచు. గాలి వీస్తే చెట్లు గలగలమంటాయి, ఎందుకంటే ఆకులన్నీ స్ఫటికాలు. అక్కడ ఒక్క పిట్ట కూయదు, ఎందుకంటే పిట్టలన్నీ పగడాలు. అందం అంతా ఉంది, ప్రాణం మాత్రం లేదు. కొండ నడిమిని తొలిచి కట్టిన మేడకి తూర్పు, దక్షిణం, పడమర వైపు కిటికీలన్నీ రాతితో మూసేసి ఉన్నాయి. ఉత్తరం వైపు, ఏటికి ఎదురుగా, ఒకే ఒక్క కిటికీ తెరిచి ఉంది.

ఉపలసేనుడు దాన్ని చాలాసేపు చూశాడు. రాళ్ళు సేకరించే వాడెవడైనా రంగు చూడాలంటే ఉత్తరపు వెలుతురులోనే చూస్తాడు. అది చల్లని వెలుతురు, మోసం చెయ్యదు. పైగా అటునుంచి ఎండ లోపలికి రాదు. గండశిలుడికి రెండూ కావాలి.

"ఆ ఉత్తరానికి మనం ప్రత్యుత్తరం రాద్దాం," అని కాకిబంగారపు రేకు తీసి గవరమ్మ చేతిలో పెట్టాడు.

ఇవతలి గట్టు మీద బండరాయెక్కి కూచుని, ఆ కిటికీలో తన చెయ్యి ఊగగానే, రేకుని ఎండకి పట్టి వెలుగుని లోపలికి కొట్టమన్నాడు. గవరమ్మ రేకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇన్నాళ్ళూ ఈ తుక్కుని మోసిన తన నడుముకి ఇప్పటికైనా ఒక కారణం దొరికిందని సంతోషించింది.

యువరాజు తుమ్మబంకతో తెల్లగడ్డం అంటించుకుని, తలపాగా చుట్టి, సోమిదేవయ్య అనే ముసలి రత్నపరీక్షకుడై, పడవలో ఏరు దాటి కొండెక్కాడు. ద్వారం దగ్గర నల్లరాతి ఏనుగు ఒకటి కాలెత్తి తొక్కబోయింది. అతను తప్పుకోకుండా చీమ ఉన్న తేనెరంగు రాయి తీసి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ఏనుగు కాలు గాలిలోనే ఆగింది. తొండంతో రాయిని మెల్లగా తీసుకుని లోపలికి వెళ్ళింది. వెళ్ళిన క్షణానికి మెట్ల మీద దడదడమని చప్పుడైంది. భూతమేదో దూకుతోందనుకుని యువరాజు కత్తి పిడి తడుముకున్నాడు. వచ్చింది గండశిలుడే. చెప్పులు కూడా తొడుక్కోకుండా, చేతిలో ఆ రాయితో, పండక్కి అల్లుడొచ్చినంత ఆదరాబాదరాగా దిగొచ్చాడు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. తల గుండు, పొట్ట గుండు, గుండె మాత్రం రాయి.

"చీమ కాళ్ళు కూడా చెక్కు చెదరలేదు," అన్నాడు వాడు రాయిని కంటికి ఆనించుకుంటూ. "తమరు ఎవరండీ? ఇంతకాలం ఎక్కడున్నారండీ?"

రాళ్ళవాళ్ళలో ఒక మర్యాద ఉంది, చూపుకి చూపు. నువ్వు నీవి చూపిస్తే నేను నావి చూపించాలి. చూసేసి చూపించకుండా పోవడం కన్నా నీచమైన పని వాళ్ళలో లేదు. ముందు వాడివి చూస్తానని, తర్వాత తన సంచి విప్పుతానని యువరాజు మాటిచ్చాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రాయి ఎవరిదైతే వాళ్ళ అరచేతిలోనే ఉండాలి, వచ్చినవాడు కంటితో తాకాలి గాని చేత్తో తాకకూడదు.

గండశిలుడు గది వెనక గది తెరిచాడు. పాపం, చాలా ఏళ్ళుగా వాడికి చూపించుకోవడానికి మనిషి దొరకలేదు. వచ్చిన మనుషులందరూ చూపించే వస్తువులైపోయారు మరి. వాడు చెబుతుంటే నోట్లోంచి తుంపర్లు, కళ్ళలోంచి నీళ్ళు. వర్షం కురిసే నీలం చూపించాడు, వాడు దాన్ని ఇతని చెవి దగ్గర పెడితే ఉరుము వినిపించింది. వేళ్ళ మధ్య ఇసుకలా జారి మళ్ళీ ముద్దయ్యే గోమేధికం చూపించాడు. ఉపలసేనుడు నిజంగానే మోకాళ్ళ మీద కూచుండిపోయాడు. ఇది ఎక్కడ దొరికిందని ఇతను, అది ఎలా తెలిసిందని వాడు, ఏ వాగు, ఏ వాన తర్వాత, తడిపి చూశారా, తేనెలో నానబెట్టారా, ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు పూర్తి చెయ్యనివ్వకుండా మాట్లాడుకున్నారు. చివరికి యువరాజు తను ఎందుకొచ్చాడో మరిచిపోయాడు. నేను వెటకారానికి చెప్పడం లేదు, నిజంగా మరిచిపోయాడు. ఎండ కొండ భుజం మీదికి వాలింది. అవతలి గట్టున గవరమ్మ కాళ్ళకి తిమ్మిరెక్కింది.

ఆఖరి గది తలుపు తెరిచేసరికి గుర్తొచ్చింది. గదంతా ఎరుపు. పళ్ళేల నిండా కెంపులు, దానిమ్మ గింజల రాశుల్లాగా. గది మధ్యలో సానరాయి దానంతట అదే గిర్రున తిరుగుతోంది. సాన ఉంది గాని సానుభూతి లేదు.

"ఇవన్నీ సాన అక్కర్లేకుండానే మచ్చలేనివి," అన్నాడు గండశిలుడు గర్వంగా. "ఒక్కదానిలోనే ఒక దోషం మిగిలింది. ఇప్పుడే దాన్ని అరగదీసేస్తా, చూద్దురుగాని."

పిల్లికన్ను ఉంగరం లేని చేతిలో, అరచేతి మధ్య జాగ్రత్తగా పెట్టుకుని చూపించిన ఆ కెంపులో పై నుంచి కిందికి ఒక సన్నని పాల చార ఉంది. అరుణమాలకి పుట్టుకతోనే నుదుటి పైన ఒక తెల్లటి వెంట్రుకల పాయ. దాసీలు సంపెంగనూనెలో మసి కలిపి దాన్ని దాచబోతే ఆమె ఒప్పుకునేది కాదు. ఉపలసేనుడు ఆ చారని గుర్తుపట్టాడు. లాక్కుని పారిపోదామా? ఉంగరం తగిలితే ఇంకో రాయి పెరుగుతుంది, అంతే. కిటికీ గదికి ఆ కొసన ఉంది. వాడు తిరిగే సాన వైపు ఒక అడుగు వేశాడు.

యువరాజు ఆవులించాడు.

"గాజుకి కూడా సాన పడతారా స్వామీ?" అన్నాడు.

గండశిలుడు ఆగిపోయాడు. ఏనుగుతో తొక్కించినా, కాళ్ళు పట్టుకుని ఏడ్చినా ఆగని మనిషి ఆ ఒక్క మాటకి ఆగాడు. ప్రపంచంలో ఏ మాంత్రికుణ్ణయినా దుర్మార్గుడనొచ్చు, హంతకుడనొచ్చు. ఏం అనుకోడు. వాడు ఎంచి దాచుకున్న రాయిని గాజనకూడదు.

"గాజా?" అన్నాడు చాలా మెల్లగా.

దీపం దగ్గర అన్నీ కెంపులేనని, వెలుతుర్లో చూస్తే గాని చెప్పలేనని, అయినా పెద్దవారు మోసపోతే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని యువరాజు ఓదార్చాడు. ఆ ఓదార్పుకి మాంత్రికుడి చెంపలు వాడి కెంపులకన్నా కెంపెక్కాయి. విసవిసా కిటికీ దగ్గరికి నడిచి, చెయ్యి చాచి, చూడమన్నాడు. ఉపలసేనుడు దగ్గరగా వంగి, గాలి ఆడడం లేదన్నట్టు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

వెలుగు రాలేదు.

అవతలి గట్టున గవరమ్మ రేకు ఎత్తే పట్టుకుంది. కానీ సరిగ్గా అప్పుడే గొర్రె అంత మబ్బు ఒకటి వచ్చి సూర్యుడి మీద పడుకుంది. ఆవిడ ఆ మబ్బుని, దాని అమ్మని, దాని వంశాన్ని తిట్టిన తిట్లు ఏటి మీదుగా యువరాజుకి సన్నగా వినబడ్డాయి.

అతను కాలయాపన మొదలుపెట్టాడు. ఊపిరి ఊది చూడమన్నాడు, గాజు మీద ఆవిరి నిలుస్తుంది, నిజమైన రాయి మీద ఇట్టే ఆరిపోతుంది కదా అన్నాడు. వాడు ఊదాడు. ఇట్టే ఆరిపోయింది. పెదవికి ఆనించి చూడమన్నాడు, గాజు వేడెక్కుతుంది, రాయి చల్లగా ఉంటుంది కదా అన్నాడు. వాడు ఆనించాడు. చల్లగా ఉంది. వాడి ముఖం విప్పారింది, ఇతని ముఖాన చెమట పట్టింది. చెమటకి తుమ్మబంక తడిసింది. బంక తడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. తెల్లగడ్డం ఒక పక్క ఊడి, చెవికి కట్టిన తోరణంలా వేలాడింది.

గండశిలుడు గడ్డాన్ని చూశాడు. గడ్డం వెనక ఉన్న గడ్డాన్నీ చూశాడు. కెంపున్న చెయ్యి అలాగే ఉంచి, ఉంగరం ఉన్న రెండో చెయ్యి మెల్లగా పైకెత్తాడు.

అప్పుడు మబ్బు దాటింది. కాకిబంగారం భగ్గుమంది. ఏటి మీదుగా ఒక వెలుగు కడ్డీ దూసుకొచ్చి, ఉత్తరపు కిటికీలో దూరి, గండశిలుడి అరచేతి మీద వాలింది.

అంతవరకూ చింతగింజంత ఉన్న బరువు ఒక్కసారి పెళ్ళీడు రాజకుమారి అయింది. అరచేతిలో. వాడి మణీ పోయింది, మణికట్టూ పోయింది. కుయ్యిమని వెనక్కి విరుచుకుపడుతూ, నొప్పి ఆపుకోలేక రెండో చేత్తో తన ముఖాన్నే పట్టుకున్నాడు. ఉంగరంలోని పిల్లికన్ను వాడి చుబుకానికి తగిలింది. మరుక్షణం మనిషి ఉన్నచోట గులకరాయొకటి కిటికీ ముందున్న మెట్టు మీంచి టకటకమని దొర్లుతోంది. గండం పోయింది, శిల మిగిలింది.

అన్నా చెల్లెళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అరుణమాల ముందు నుదుటి పైన పాయ తడుముకుంది. ఉంది. అప్పుడు అన్న చెవికి వేలాడుతున్న గడ్డం చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఉపలసేనుడు ఏడుస్తున్నాడు, ఆమె నవ్వుతోంది, రెండూ ఒకే చప్పుడులా వినబడ్డాయి.

చప్పుడు అది ఒక్కటే కాదు. మేడ పునాదుల నుంచి గుడగుడమంటోంది. కట్టినవాడు రాయైపోతే కట్టిన రాళ్ళకి దిక్కెవరు? పైకప్పు నుంచి స్ఫటికాలు రాలుతున్నాయి. ఇద్దరూ పళ్ళేల్లోని కెంపులన్నీ దోసిళ్ళతో సంచిలోకి ఎత్తారు, ప్రతి కెంపూ ఒక ఇంటి మనిషి కదా. చివరగా యువరాజు మెట్టు మీద పడున్న గులకరాయిని కూడా తీశాడు. బూడిదరంగు, లోపల పచ్చని కన్నులాంటి చుక్క. ఇలాంటిది అతని దగ్గర లేదు.

"అన్నయ్యా, దాన్ని ఏట్లో పారెయ్యి," అంది అరుణమాల.

ఇంత చిత్రమైన రాయి మళ్ళీ దొరకదని, సంచి అడుగున చీకట్లో భద్రంగా ఉంచుతానని అతను సర్దిచెప్పాడు. ఆమె ఇంకా ఏదో అనేలోగా గది నేల రెండుగా చీలింది. ఇద్దరూ కిటికీలోంచి నల్లేట్లోకి దూకారు.

వాళ్ళు నీళ్ళలోంచి తల ఎత్తేసరికి కొండ పొయ్యి మీది పాలలా ఒక్కసారి పొంగి, కూలి, ఏట్లోకి జారింది. లేచిన అల మొసలిని నిద్ర లేపింది, కట్టుతాడు తెంచుకున్న పడవని గవరమ్మ కూచున్న బండకి తెచ్చి కొట్టింది. ఆవిడ అందులోకి దూకి, ఇద్దర్నీ జుట్టు పట్టుకుని లోపలికి లాగింది. వెనక కొండచరియలు, పక్కన సుడులు, ముందు మొసలి నోరు. గవరమ్మ ఆ నోట్లో తెడ్డు అడ్డంగా పెట్టేసి, చేతులతోనే పడవ తోసింది. పొద్దు గుంకకముందే ఏరు విప్పారిన చోట, ఒక పెద్ద ఇసుకతిన్నెకి చేరారు.

అక్కడ ఎండ బంగారంలా ఉంది, కాకిది కాదు. ఉపలసేనుడు దాది పైబట్ట పరిచి, సంచిలోంచి కెంపులన్నీ ఏరి ఏరి దాని మీద పోశాడు. ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ముందు ఒక వీణ వాయించే ఆవిడ లేచింది. ఆ తర్వాత ఇద్దరు సైనికులు, ఒక వంటవాడు, పెళ్ళిబట్టలతోనే ఉన్న ఒక జంట, దగ్గుతూ ఒక పూజారి. ఇసుకంతా మనుషులు. కొందరు ఎండని చేత్తో పట్టుకుని చూసుకుంటున్నారు. పెళ్ళికొడుకు మాటిమాటికీ పెళ్ళికూతురి ముఖం ముట్టుకుని, వెచ్చగా ఉందని తనకి తనే చెప్పుకుంటున్నాడు. గవరమ్మ అరుణమాల తల ఒళ్ళో పెట్టుకుని, ఆ తెల్లపాయని వేళ్ళతో దువ్వుతూ, ఇక జన్మలో రాళ్ళని ఏమీ అననని మొక్కుకుంది. ఆ మాట మీద ఎంతసేపు ఉంటుందో మనకి తెలుసు గాని, అప్పటికి అది నిజం.

తర్వాత ఆవిడ లేచి, పడవలో ఉన్న అటుకులూ బెల్లమూ కలిపి, తామరాకు ముక్కల్లో అందరికీ పంచడం మొదలుపెట్టింది.

ఉపలసేనుడు నీటి అంచున కూచున్నాడు. చెల్లెలు దొరికింది, అందరూ బతికారు, ఒంట్లో బరువంతా దిగిపోయింది. చిన్నగా కూనిరాగం తీస్తూ, ఏమీ ఆలోచించకుండా, తడిసిన తన రాళ్ళన్నీ ఒక్కొక్కటే కడిగి, ఇసుక మీద వరసలు కట్టి ఎండబెట్టాడు. మచ్చపడిన పచ్చ. పొగచూరిన స్ఫటికం. ఇంకొకటి. ఎర్ర గులకరాయి. ఇంకొకటి.

వెనక గవరమ్మ గొంతు వినబడింది. "అదేటి, అందరికీ సరిగ్గా సరిపోయేటట్టు కలిపేనే. ఒకరికి తక్కువొచ్చింది."

అతను నవ్వుకుంటూ వరస వైపు చూశాడు. పొగచూరిన స్ఫటికానికీ ఎర్ర గులకరాయికీ మధ్య ఇసుక మీద చిన్న గుంట ఉంది. తడి ఇంకా ఆరలేదు. రాయి మాత్రం లేదు.

ఒక నీడ అతని భుజం మీదుగా సాగి రాళ్ళ మీద పడింది. మణికట్టు వాచి గుమ్మడిపిందంత అయిన చెయ్యి ఒకటి వచ్చి పక్కన ఇసుక మీద ఆనింది. రెండో చేతి వేలికి పిల్లికన్ను మెల్లగా రెప్ప విప్పింది.

"మావన్నీ చూశారు సోమిదేవయ్యగారూ," అన్నాడు గండశిలుడు అతని పక్కనే చతికిలబడుతూ. "మరి తమవి చూపించండి."